మిగిలిన నిమ్మకాయ

వాహనం భవితవ్యం దాని ముందు వేలాడే నిమ్మకాయలో ఉంటుంది. ఈ మహాసత్యం కోరుట్లలో ఫొటో స్టూడియో నడిపే శ్రీశైలానికి జగిత్యాలలో, ఒక పట్టపగలు, పాత టైరు మీద కూలబడిన క్షణాన బోధపడింది.

ఆయన తండ్రి ఓదెలు బతికినన్నాళ్లూ కోరుట్ల, జగిత్యాలల మధ్య తెల్ల అంబాసిడర్ టాక్సీ నడిపాడు. దాని ముందు సీటును మెట్‌పల్లి పసుపు వ్యాపారులు అలంకరించారు, పెళ్లికొడుకులు అలంకరించారు, ఒకసారి ఒక మేకపోతు కూడా అలంకరించింది. ఓదెలు భార్య గంగవ్వకు మాత్రం ఆ యోగం పట్టలేదు. "అది కిరాయి సీటు కొడుకా, మనకేడిది జాగ" అని నవ్వేసేది. తండ్రి పోయాక, తల్లిని ఆ సీటులో కూర్చోబెట్టి తీరాలని శ్రీశైలం దీక్ష పూనాడు.

దీక్షకు తుప్పు అడ్డొచ్చింది. కారు ఎడమపక్క తలుపులూ, వెనక రేకూ జల్లెడలయ్యాయి. కొత్తవి దొరకవు. వెతకగా వెతకగా సిరిసిల్లలో, లింగన్న అనే నేత ఆసామి సాంచెల, అంటే మరమగ్గాల, షెడ్డు పక్కన, మరో తెల్ల అంబాసిడర్ దర్శనమిచ్చింది. లారీ తగిలి దాని కుడిపక్క నుజ్జయింది. ఎడమపక్క నిక్షేపంగా ఉంది. బ్రహ్మదేవుడు ఇంత పొందికైన జంటను మనుషుల్లో కూడా సృష్టించలేదని శ్రీశైలం పొంగిపోయి, దాన్ని తుక్కు ధరకు కొన్నాడు.

రెండు కార్లూ ఒకే రోజున జగిత్యాలలోని సామేలు షెడ్డుకు చేరాయి. రేకులు కోసి అతకడంలో సామేలుది అందెవేసిన చేయి. ఆనాడు సామేలు బుగ్గారంలో చుట్టాల పెళ్లిలో ఉన్నందున శ్రీశైలం ఆజ్ఞ ఫోనులోనే వెలువడింది: "సామేలన్నా, ఒకటి మా నాయిన కారు, ఇంకోటి తుక్కుది. తుక్కుదాంట్ల మంచి రేకులన్ని కోసి మా నాయినదానికి పెట్టు." నంబరు ప్లేటు చూస్తే తేడా తెలిసేది. కానీ తండ్రి నంబరును కొత్త రంగులతో రాయించే పవిత్ర కార్యం కోసం శ్రీశైలం ఆ ప్లేటును ముందే ఊడదీసి ఇంటికి తీసుకుపోయాడు.

వారం తర్వాత షెడ్డులో అడుగుపెట్టిన ఆయనకు కుడిపక్క అస్థిపంజరంగా మిగిలిన తండ్రి కారు కనిపించింది. దాని పక్కన, ఇంకా రంగు పడకపోయినా రెండు వైపులా నిండుగా, సిరిసిల్ల కారు నిలబడి ఉంది. శ్రీశైలం పాత టైరు మీద కూలబడింది అప్పుడే.

"గిదేందే సామేలన్నా," అన్నాడు. "నువ్వు కోసింది మా నాయిన కారు."

సామేలు చేతిలోని సుత్తి కింద పెట్టాడు. "గదెట్లయితదన్నా? గీ కారుకు బంతిపూల దండున్నది, బొట్లున్నయ్, నిమ్మకాయలున్నయ్. గది సూస్తే బోడిగ ఉన్నది. నాయిన కారంటే పూజ జేసి పంపుతరు గద. నేను చర్చికి పోయేటోన్ని. మీరు మొక్కిన బండి మీద మిషిన్ పెడితే పాపమని, దీన్ని కొయ్యలె."

"నేను మొక్కలేదే."

"గదే అంటున్న. కన్న తండ్రి కారుకు ఒక్క బొట్టన్న పెట్టకపోతివి."

తుక్కుగా అమ్మిన కారును సైతం పెళ్లికూతురిలా సింగారించి సాగనంపిన లింగన్న భక్తి ముందు, తన పితృభక్తి కూడా ఆ కారులాగే బోడిగా నిలిచింది.

కోసిన రేకు మళ్లీ మొలవదు. మర్నాడు గంగవ్వను తీసుకొచ్చి, తల దించుకుని ఉన్నదంతా చెప్పాడు. ఆమె సిరిసిల్ల కారు చుట్టూ తిరిగి, డ్రైవరు తలుపు దగ్గర ఆగింది. పిడి కింద, ఏళ్ల తరబడి ఓదెలు ఉంగరం గీసిన గీతలు అలాగే ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి చూసింది.

"గీ తలుపు మీ నాయినదే. ఆయన పక్కకు కూసునుడు గావాలె గని, సీటు యాడిదైతేంది. అటుపక్క తలుపు తియ్యి కొడుకా."

కూర్చుంది. కొంగు సర్దుకుంది. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు ఒకసారి చూసి, "పోనియ్యి" అంది మెల్లగా.

తన తల్లిని ఈ సింహాసనం ఎక్కించిన ఆ మహాభక్తుడికి శ్రీశైలం వెంటనే ఫోను చేశాడు.

"లింగన్నా, ఎంత ప్రేముంటే కారుకు గట్ల పూజ జేసి పంపుతరే."

అవతల సాంచెల చప్పుడు. లింగన్న గొంతు పెంచాడు.

"కారుకేం పూజ? శుక్రారం సాంచెలకు చేసినం. దండ, నిమ్మకాయలు మిగిలినయ్."