తిని చావమన్న గొంతు

ఆసుపత్రి బట్టలుతికే గదిలో దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అతనూ పొడుగాయనా ఎదురెదురుగా నిలబడి విదిలించి, దగ్గరకు నడిచి, అంచులు కలిపి, మళ్లీ వెనక్కి నడుస్తున్నారు.

"ఆ మడత చూడు, నీ మొహంలా ఉంది," అంది అక్క.

అక్క పోయి చాలా ఏళ్లయింది. తల్లి లేని అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి, పోయాక కూడా వదల్లేదు. స్నానం చెయ్యమనేది. చొక్కా తిరగేసి తొడిగావనేది. మాత్రలు మొదలైనప్పటి నుంచి ఆ గొంతు గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. అతను మడత విప్పి సరిచేశాడు.

పొడుగాయనకూ గొంతులు వినపడతాయి. ఇద్దరూ ఈ దేశానికి పరాయివాళ్లే, కానీ ఆయనది వేరే దేశం. ఇద్దరికీ కలిసిన మాటలు గుప్పెడు. ఒకసారి టీ తాగుతూ, తన లోపలివాళ్లు పీక కోస్తామంటారని వేలితో గీసి చూపించాడు. వాళ్లెవరని అడిగితే తెలియదని తలూపాడు. పాపం, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు కాబోలు అనుకుని అతను తన బిస్కెట్టు విరిచి సగమిచ్చాడు.

మధ్యాహ్నం పై అంతస్తులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. మెత్తని మనిషి, కుర్చీ తనే లాగి వేసింది. ఆమె మాటలు ఇతనికి, ఇతని మాటలు ఆమెకు చెప్పడానికి ఒక అమ్మాయి కూర్చుంది. మన భాష బళ్లో శ్రద్ధగా నేర్చుకున్న పిల్ల. ఇంట్లో తిట్లు తిన్నట్టు లేదు.

"ఆ గొంతు ఏమంటుంది అంకుల్?"

"ఏముందమ్మా. పని నుంచి ఇంటికి పోయి అలాగే వాలిపోతానా, తిని చావరా అంటుంది. లేచి తింటా."

అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆమె చెప్పింది విని డాక్టరమ్మ కలం ఆపింది.

"చచ్చిపొమ్మంటోందా?"

"అబ్బే, తినమంటోంది."

"చావు అన్నారు కదా."

"అన్నాననుకో. వట్టిగా తినమంటే ఎవరు తింటారమ్మా? మా అక్క నన్నెందుకు చావమంటుంది?"

అమ్మాయి అదీ చెప్పింది. ముందు చెప్పినదాని పక్కన అది నిలవలేదు. డాక్టరమ్మ అతని చేతి మీద చెయ్యి వేసింది.

"మందు పెంచుతారట. ఇక ఆ బాధ ఉండదంటున్నారు," అంది అమ్మాయి.

"తగ్గించమను తల్లీ. అక్క మాట సరిగ్గా వినపడట్లేదు."

"అలా అడక్కూడదు అంకుల్."

ముగ్గురూ మంచివాళ్లే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికి తోచలేదు. మందులు తీసుకుని కిందికి దిగాడు.

అక్క ఆఖరిమాటు ఏమందో, ఎప్పుడందో తర్వాత అతనికి గుర్తు రాలేదు. దిగులు కూడా వేయలేదు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, అన్నం వండి, కంచంలో వడ్డించుకుని బల్ల మీద పెట్టి, మంచం అంచున కూర్చున్నాడు. ఒళ్లు బరువుగా ఉంది. కాసేపు అలా చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. మెల్లగా పక్కకి ఒరిగాడు.

కిటికీలో ఇంకా వెలుతురుంది. బల్ల మీద కంచంలో అన్నం పైన ఎండి పెచ్చు కడుతోంది; నడుమ గరిటె అచ్చు చెదరలేదు.