ముందు బాగానే ఉండేది

"ఇవాళ్టితో ఆఖరే కదా?" అంది అత్తగారు, మడతపెట్టిన దుప్పట్ల పక్కన మరో రెండు పడేస్తూ.

శనివారం మధ్యాహ్నం రెండున్నర. మూడింటి బస్సు అందుకోవాలి. ఇంట్లో ఆరు దుప్పట్లుంటే ఆ ఆరూ సరిగ్గా శనివారం మధ్యాహ్నమే ఎందుకు ఆరతాయో చీమమ్మకు ఏడు వారాలుగా అంతుపట్టడం లేదు.

"ఎనిమిదోది అత్తయ్యా," అంది. ఆఖరిదని మాత్రం అనలేదు.

చీమమ్మ అనేది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పిల్లల చేతికి సూది గుచ్చేముందు "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని పద్నాలుగేళ్లుగా చెప్పీ చెప్పీ సంపాదించుకున్న బిరుదు. పెద్దవాళ్లు కూడా లోపలికి రాగానే "చీమమ్మ ఉందా?" అని అడిగేవాళ్లు. చీకట్లో అయినా వేలితో తడిమి నరం పట్టుకోగలదని ల్యాబ్‌లో చెప్పుకునేవారు. అలాంటి మనిషికి పోయిన వేసవిలో చేయి వణకడం మొదలైంది. సూది పట్టుకుంటే చాలు, గుండె దడదడ, చెవుల్లో హోరు, ఫ్యాను తిరుగుతున్నా గదిలో గాలి చాలనట్టు. ఒక పాపకు మూడుసార్లు గుచ్చినా రక్తం రాలేదు. పాప ఏడవలేదు, చీమమ్మే ఏడ్చింది. ల్యాబ్ డాక్టరుగారు మంచివాడు కాబట్టి పల్లెత్తు మాట అనకుండా ఆమెను సీసాలకు లేబుళ్లు అంటించే బల్ల దగ్గరికి మార్చాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఆమె చాలా రోజులు అనుకుంది.

ఇంట్లో ఎవరికీ ఇవేవీ చెప్పలేదు. చెప్పడానికి సందు దొరకలేదు అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. పొద్దున ఐదింటికి స్టవ్ వెలిగించిన దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు బోర్లించేదాకా ఆ ఇంట్లో ఆమె చెవులకు ఉన్నంత పని నోటికి లేదు. నా కళ్లజోడేదీ, నా చొక్కా బొత్తాం ఊడింది, కూరలో కాస్త కారం ఎక్కువైనట్టుందే. ఒకసారి ఒళ్లంతా నీరసంగా ఉందంటే భర్త, "రోజంతా కుర్చీలో కూర్చుని సూదులు గుచ్చొస్తావు, దానికే అలసటా?" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. ఆ తర్వాత ఆమె నీరసం గురించి ఎత్తలేదు.

"మందులూ ఉన్నాయి, మాటలూ ఉన్నాయి," అని చెప్పింది ల్యాబ్ డాక్టరుగారు చూపించుకోమన్న మానసిక వైద్యం డాక్టరమ్మ. "మీకు ముందు మాటలతో మొదలుపెడదాం. ఎనిమిది వారాలు చూసి, చాలకపోతే మందుల సంగతి ఆలోచిద్దాం." చీమమ్మ తలూపింది గానీ నమ్మలేదు. ఆమెది సీసాలో పోసి, మిషన్లో పెట్టి, అంకె చూసి నమ్మే వృత్తి. మాటలు పోయడానికి సీసా ఎక్కడిది?

డాక్టరమ్మ కౌన్సెలింగ్‌కు వెళ్లమందని మాత్రమే ఇంట్లో చెప్పింది. వాళ్ల నమ్మకం సంగతి చెప్పనే అక్కర్లేదు. "మంత్రాలకు చింతకాయలు రాలతాయా?" అన్నాడు భర్త. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఇంటి సంగతులు బయటివాళ్లకు చెప్పుకుంటారా ఎవరైనా?" అంది అత్తగారు. అయినా ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎందుకంటే కౌన్సెలింగ్ అంటే వాళ్లకు తెలిసింది ఒకటే. దారి తప్పినవాళ్లను కూర్చోబెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి, బుద్ధి చెప్పి పంపడం. పాపం, ఆవిడెవరో కోడలికి సర్దుకుపొమ్మని ఊరికే చెబుతానంటే కాదనడం ఎందుకని ఊరుకున్నారు.

ఆ కౌన్సెలర్ మొదటివారం చీమమ్మతో నాలుగు ముక్కలైనా మాట్లాడలేదు. కళ్లజోళ్ల దుకాణం పైన చిన్న గది, రెండు కుర్చీలు, కిటికీకి గళ్ల పరదా. చీమమ్మ నోరు విప్పి సగంలో ఆగిపోయింది. ఎదుటివాళ్లు "అది సరే గానీ" అని తమ సంగతి మొదలుపెట్టే చోటు అది. ఆవిడ మొదలుపెట్టలేదు. ఫోన్ చూడలేదు. మిగతా సగం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ మిగతా సగం తన దగ్గరుందని చీమమ్మకే తెలియదు. వెతుక్కుని చెప్పేసరికి గంట అయిపోయింది.

అలాగని మూడో వారం దాకా ఒరిగిందేమీ లేదు. మాట్లాడొచ్చిన రోజు తేలికగా ఉండేది, మర్నాటికి షరా మామూలే. మానేద్దామని కూడా అనుకుంది. నాలుగో వారం ఆవిడ ఒక నోటుబుక్కు ఇచ్చింది. "మీకు భయమేసే పని ఒకటి రాయండి. అది చేస్తే ఏమవుతుందనుకుంటున్నారో రాయండి. చేసి చూసి, నిజంగా ఏమైందో పక్కన రాయండి." అది వినగానే చీమమ్మ నిటారుగా కూర్చుంది. ఇది పరీక్ష. ఇది తనకు వచ్చిన విద్య.

మొదటి పరీక్ష: అందరూ భోంచేస్తున్నప్పుడు తనూ కూర్చుని, మధ్యలో లేవకుండా తినడం. ఏమవుతుందనుకుంటున్నాను: ఇల్లు రణరంగం అవుతుంది. ఏమైంది: అత్తయ్య మంచినీళ్లకు తనే లేచారు. అంతే. ఆ "అంతే" రాసేటప్పుడు చీమమ్మకు ఎంత నవ్వొచ్చిందంటే వంటింటి తలుపు దగ్గరికి వేసి మరీ నవ్వింది. రెండో పరీక్ష, మూడో పరీక్ష, ఇలా పుస్తకంలో పదమూడు పేజీలు నిండాయి. కొన్ని పరీక్షలు తప్పాయి కూడా. ఒకరోజు నిజంగానే పెద్ద గొడవ అయింది, ఆ రాత్రంతా నిద్ర లేదు. కానీ ఆమె రాసుకున్న భయాల్లో సగానికి పైగా ఉత్త బూచులే. పదిహేనేళ్లుగా వాటికి వండి వార్చింది.

ఇక నిన్న, శుక్రవారం. లేబుళ్ల బల్ల మీంచి లేచి, డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, "ఇవాళ ఒక్కరికి నేను తీస్తాను," అంది. వచ్చినావిడ ముసలావిడ, చేతులు పుల్లల్లా ఉన్నాయి, నరాలు ఎక్కడ దాక్కున్నాయో తెలియదు. చీమమ్మ గుండె దడదడలాడింది. దడదడలాడనీ, అనుకుంది. దాన్ని తగ్గించాలని చూడలేదు. వేలితో తడిమింది, ఇదిగో, ఇక్కడున్నావా అనుకుంది. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే." ఒక్క పోటుకే సీసాలోకి ఎర్రగా దిగింది. "అప్పుడే అయిపోయిందా?" అంది ముసలావిడ. నిన్నటి నుంచీ చీమమ్మ కాళ్లు నేలమీద నిలవడం లేదు. ఇంట్లో చెప్పలేదు. ఈ కబురు ముందుగా ఆ గదిలో చెప్పాలని దాచుకుంది.

అయితే ఇవాళ్టి గదిలో మూడో కుర్చీ ఉంది. చివరి రోజు ఇంట్లోవాళ్లను ఎవరినైనా తీసుకురమ్మంది కౌన్సెలర్, చీమమ్మ సరేనంది. ఇంకా వారాలు కావాలో వద్దో ఇవాళే తేలాలి. భర్త ఎంత సంబరంగా బయల్దేరాడో. ఆయన ఆఫీసులో సూపరింటెండెంటు, కింది గుమాస్తాలకు మెమోలు రాయడంలో అందె వేసిన చేయి. నాలుగు రోజులుగా ఫోన్లో ఏదో రాస్తున్నాడు. కూర్చోగానే గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ అనుకోకండి మేడమ్. ఈ మాటల వైద్యం వల్ల తగ్గడం మాట అటుంచి, ఎక్కువైంది. పాయింట్లు రాసుకొచ్చాను. ఒకటి, మాతోపాటే భోజనానికి కూర్చుంటోంది, మా అమ్మ నీళ్లకు లేవాల్సి వస్తోంది. రెండు, మా అక్క వస్తానంటే 'ఈ వారం నాకు కుదరదు, వచ్చే వారం రండి' అంది. ఆ మాట మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. మూడు, ఆదివారం ఏడింటిదాకా నిద్ర. నాలుగు, కూరలు తరుగుతూ తనలో తనే నవ్వుకుంటోంది. ఒకరోజు పాడింది కూడా."

చీమమ్మ కుర్చీ అంచుకు వచ్చేసింది. మొదట సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది, మూడో పాయింటు దగ్గర ఒళ్లు ఝల్లుమంది. ఇది రిపోర్టు. తన రిపోర్టు. తనకు అనుకూలంగా రాయాల్సిన అవసరం ఏమాత్రం లేని మనిషి, కళ్లారా చూసి, అంకెలు వేసి మరీ రాసుకొచ్చాడు. నిద్ర వస్తోంది. నవ్వొస్తోంది. కుదరదు అనగలుగుతోంది. ఇంతకంటే నికార్సయిన పరీక్ష ఏ ల్యాబ్ చేస్తుంది? ఆపకండి, ఇంకా చదవండి అనాలనిపించింది.

"ఐదు," అన్నాడు ఆయన. "ఏడుపొస్తే అందరి ముందే ఏడ్చేస్తోంది. ముందు అలా కాదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చేది. ఎవరికీ తెలిసేది కాదు."

చీమమ్మ ఆయన వైపు తిరిగింది. కౌన్సెలర్ మాత్రం మామూలుగానే అడిగింది. "ముందు ఎలా ఉండేవారు సార్?"

"ముందు బాగానే ఉండేది మేడమ్. నోట్లో నాలుక ఉందా అన్నట్టుండేది. పోయిన వేసవిలో అయితే రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడేది కాదు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

"పోయిన వేసవిలో," అంది చీమమ్మ, "రోజూ పొద్దున మెలకువ రాగానే, అయ్యో మళ్లీ వచ్చిందే అనుకునేదాన్ని. ఇక రాకపోతే బాగుండు అనుకునేదాన్ని. రోజూ. మీరు బాగున్నాననుకున్న రోజులు అవేనండి."

ఒళ్లో ఉన్న చేతులు వణకలేదు. ఆయన ఫోన్ మీద ఆరో పాయింటు దగ్గర వేలు అలాగే పెట్టుకుని ఉన్నాడు. కాసేపటికి దాన్ని జేబులో పెట్టాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"కుళాయి చప్పుడు మీకు వినపడింది కదా."

ఆ నిశ్శబ్దాన్ని పూడ్చాల్సిన పూచీ తనది కాదని చీమమ్మకు మొదటిసారి తోచింది. ఆయనకు నచ్చజెప్పలేదు, నవ్వేసి తేలిక చేయలేదు. కౌన్సెలర్ వైపు తిరిగి నిన్నటి ముసలావిడ సంగతి మొదలుపెట్టి, నరం ఎక్కడ దొరికిందో చేయి చాపి చూపిస్తూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పింది. ఆఖర్న, "ఇంకో ఎనిమిది వారాలు కావాలి నాకు," అంది. భర్తను అడగలేదు.

బస్సు దిగి వీధిలో నడుస్తుండగా ఆయన నోరు విప్పాడు. "అమ్మకి మాత్రం ఇదంతా చెప్పకు."

"చెప్తానండి."

"తట్టుకోలేదు."

"ఏమో, చెప్పి చూస్తాను," అంది చీమమ్మ. ఇదీ ఒక పరీక్షే అనుకుంది. ఏమవుతుందో మాత్రం ముందుగా ఊహించుకోదలచుకోలేదు.

అత్తగారు గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నారు? ఇకనైనా శనివారాలు ఇంటిపట్టున ఉంటావా?"

"కూర్చోండత్తయ్యా," అని చీమమ్మ తనే ముందు కూర్చుంది. పాపకు మూడుసార్లు గుచ్చడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. లేబుళ్ల బల్ల చెప్పింది. కుళాయి చెప్పింది. మెలకువ వద్దనుకున్న పొద్దులు చెప్పింది. భర్త గుమ్మం దగ్గరే చెప్పులైనా విప్పకుండా నిలబడ్డాడు. అత్తగారు సగంలో కసురుతుందనుకుంది, "ఆడపుట్టుక అన్నాక ఇవన్నీ మామూలే" అంటుందనుకుంది. ఆవిడ ఆ మాటనే నోటిదాకా తెచ్చుకుని, ఎందుకో ఊరుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు అడిగింది.

"నువ్వు చెబుతుంటే ఆవిడ మధ్యలో లేచిపోదా?"

"పోదత్తయ్యా."

"ఎవరితోనూ అనదా?"

"అనదు."

"ఎప్పుడో నలభై ఏళ్ల కిందటివైనా వింటుందా?"

"వింటుంది."

అత్తగారు గుమ్మంలో ఉన్న కొడుకు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే అంది.

"వచ్చే శనివారం నేనూ వస్తాను. కానీ ముందే చెబుతున్నా, నాకు ఎనిమిది వారాలు చాలవు."