చలువ చేసే తిండి

నాకు నోరెక్కువని మా అత్తగారి ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆ నోరే లేకపోతే మా ఆయన కేశవ పోయినేడాది కామెర్లతోనే పోయుండేవాడు. కళ్ళు పచ్చబడి, అన్నం వాసన తగిలితేనే వాంతి చేసుకునే మనిషిని ముందు కడపలో డాక్టరుకు చూపించాను. తర్వాత మా పుట్టినూరు కోడుమూరు తీసుకుపోయి, కామెర్లకు పసరు పోసే తిమ్మమ్మ ముందు కూర్చోబెట్టాను. వద్దన్నవాళ్ళతో పోట్లాడాను. అంత చేస్తేనే ఆయన మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని చీర నేశాడు.

కామెర్లు తగ్గాయి గానీ లివరు మాత్రం బాగుపడలేదు. స్కానింగు చూసిన డాక్టరు అది గట్టిపడిందనీ, ఇక జన్మంతా జాగ్రత్తగా ఉండాలనీ చెప్పాడు. ఎట్లా ఉండాలో విడమరిచి చెప్పే తీరిక ఆయనకు లేదు, బయట జనం కిటకిటలాడుతున్నారు. తిమ్మమ్మకు తీరిక ఉంది. నూనె తగలకూడదంది. ఉప్పు, కారం, చింతపండు వద్దంది. తాలింపు పెట్టిందీ, పెనం మీద వేగిందీ, వేడి చేసేదీ ఏదీ ముట్టకూడదంది. చలువ చేసేవే తినాలి, కావాలంటే నిమ్మకాయ పిండుకోవచ్చు అంది. ఆ మాటలు నా బుర్రలో శిలాశాసనంలా పడిపోయాయి.

అప్పట్నించీ మా ఇంట్లో రెండు పొయ్యిల వంట. ఆయనకు చప్పిడి అన్నం, మజ్జిగ, ఉడికించిన సొరకాయ. పెళ్ళిళ్ళకు పోతే ఆయన విస్తరి పక్కనే కాపలా కూర్చునేదాన్ని. వడ్డించేవాడు గారె వేయబోతే గరిటె పట్టుకుని ఆపేదాన్ని. జనం నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం విసుక్కునేవాడు కాదు. "మే హేమా, నాకు కారం కొరతేమీ ల్యా. నీ మాటలు తింటాండా గదా" అనేవాడు. మనిషి అంత మెత్తన. నా కళ్ళు కప్పి ఒక్క మిరపకాయ బజ్జీ తిన్న పాపాన పోలేదు.

మా తమ్ముడు ఓబులేష్ మంగంపేట గనుల దగ్గర టిప్పర్లు తిప్పుతాడు. ముగ్గురాయి నెల్లూరు పక్క ఓడరేవుకు తోలుతాడు. ఆ సరుకు కొనే పెద్దమనుషులెవరో సముద్రం ఒడ్డున విందు చేస్తున్నారనీ, బావను కూడా తీసుకుపోతాననీ వచ్చాడు. ఏడాదిగా మగ్గం గుంట తప్ప మరో చోటు చూడని మనిషికి కాస్త గాలి మార్పు ఉంటుందన్నాడు. నేను పోనిచ్చాను. పోనిచ్చేముందు ఓబులేష్ చేత ఒట్టు వేయించుకున్నాను, బావ చేత పథ్యం తప్పించనని. టిఫిన్ క్యారియర్లో మజ్జిగన్నం కట్టి, మూత మీద గుడ్డ చుట్టి ఇచ్చాను.

మరుసటి రోజు తిరిగొచ్చాడు. మొహంలో కళ వచ్చింది. సముద్రం గురించి చిన్నపిల్లాడిలా చెప్పాడు. ఎంత నీళ్ళో, అన్ని నీళ్ళుండీ ఒక్క చుక్క తాగడానికి పనికిరాదంట, మన ఊరి బోరే నయమంట. పథ్యం తప్పావా అని అడిగాను. నా తల మీద చెయ్యి పెట్టి లేదన్నాడు. ఆ కళ్ళు అబద్ధం చెప్పే కళ్ళు కాదు. నిజంగానే ఆయన అబద్ధం చెప్పలేదు.

సాయంత్రం మగ్గంలో కూర్చున్నవాడు కాసేపటికే కాలు నొప్పి అంటూ పైకి లేచాడు. పిక్క ఎర్రగా ఉబ్బింది. ఒళ్ళు కాలిపోతోంది, వణుకు. చూస్తుండగానే ఆ ఎరుపు నల్లబడుతూ, దాని మీద బొబ్బలు లేచాయి. ఒక బొబ్బలో నెత్తురు నీళ్ళు కనిపించాయి. మా అత్త లక్ష్మీదేవమ్మ గుండె బాదుకుంది. ఆమె మరిది వెంకటరాముడు, మా ఆయనకు చిన్నాయన, టార్చిలైటు తీసుకుని గుంటలోకి దిగాడు. నేతగాడి కాళ్ళు పగలంతా గుంటలోనే ఉంటాయి, చల్లదనానికి పాములూ తేళ్ళూ కూడా అక్కడికే చేరతాయి. మా ఊళ్ళో కాలు వాచిందంటే ఎవరైనా ముందు గుంట చూస్తారు. మూలన ఎండిపోయిన కుబుసం ముక్క దొరికింది. అది ఏ కాలం నాటిదో! అయినా చాలదూ?

"రక్తపింజరి. ఇంగ మాట్లాడే పనే లేదు. కాటు కనపడదు దానిది" అన్నాడు చిన్నమామ.

ఊరంతా అదే మాట. నేనూ అదే అనుకున్నాను. మంత్రగాడి దగ్గరికి పోదామని మామ అంటే మాత్రం నేను నోరు చేసుకుని, అప్పుడే వచ్చిన ఓబులేష్ కారులో ఎక్కించి కడప ఆస్పత్రికి తీసుకుపోయాను. దారి పొడవునా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది. చేతులు మాత్రం చల్లగా అయిపోయాయి.

అక్కడ డ్యూటీలో ఉన్నది ఆరాధన అనే డాక్టరమ్మ. మాట నెమ్మది, పని చురుకు. కాటు గుర్తు కోసం కాలంతా వెతికింది, కనపడలేదు. నెత్తురు తీసి గాజు గొట్టంలో పెట్టింది, అది గడ్డకట్టలేదు. రక్తపింజరి కరిచినా నెత్తురు గడ్డకట్టదట. మామ కుబుసం సంగతి రెండుసార్లు చెప్పాడు. లివరు జబ్బుందని నేను చెప్పాను. అది చెడినా నెత్తురు గడ్డకట్టడం ఆలస్యమవుతుందని, ఏది కారణమో తేల్చడం కష్టమని ఆమె అంది. అయినా కాలు చూస్తూ ఆగడానికి వీల్లేదని పాము విషానికి విరుగుడు మొదలుపెట్టింది. పుండు చీము పట్టకుండా వేరే మందు కూడా ఎక్కించింది.

తర్వాత నన్ను కూర్చోబెట్టి, ఈ రెండు మూడు రోజుల్లో ఏమేం తిన్నాడో చెప్పమంది. నేను గర్వంగానే చెప్పాను. ఏడాదిగా ఈయన నోట్లోకి నూనె చుక్క పోలేదమ్మా, పథ్యం కూడే, బయట తిండి ముట్టడు అన్నాను. ఊరెళ్ళొచ్చాడన్నాను, అక్కడా పథ్యమే అన్నాను. ఆమె రాసుకుంది. ఎవరైనా ఏం రాసుకుంటారు? పథ్యం అంటే పథ్యమే.

విరుగుడు ఎక్కింది గానీ ఆయన కుదుటపడలేదు. నలుపు మోకాలు దాటింది. రెండో కాలి మీదా మచ్చలు లేచాయి. రెండో కాలిని కూడా పాము కరిచిందా? డాక్టరమ్మ మొహం మారింది, ఇది పాము కాదేమో అంది. వరండాలో మా అత్త ఏడుస్తూ, సముద్రం కాడ ఏదో అడ్డమైన తిండి పెట్టి ఉంటాడు నీ తమ్ముడు అంది. ఆ మాట నా తలకెక్కింది. గోడకానుకుని కూర్చున్న ఓబులేష్ చొక్కా పట్టుకుని లేపాను. బావ పథ్యం తప్పాడా అని అడిగాను. వాడు ఏడుపు మొహంతో ఒట్టు పెట్టుకున్నాడు, తప్పలేదని.

"మరి క్యారియర్ కడిగి తెచ్చినాడు గదరా. మజ్జిగన్నం తినె గదా?"

వాడు తల దించుకున్నాడు. కారులో ఎండకు అన్నం పులిసి కంపు కొట్టిందట. పారబోశారట. అక్క తిడుతుందని నాకు చెప్పలేదట.

"అట్లయితే ఆ పొద్దంతా ఏం తిన్యాడు?"

"అక్కా, బావ చేపలు ముట్టలే. రొయ్యలు ముట్టలే. అంతా ఎర్రగ నూనెలో తేల్తాండాది. అందరూ ఎంత బతిమాలినా వద్దన్యాడు. ఆల్చిప్పలొకటే తెల్లగ ఉండాయి. నూనె లేదు, ఉప్పు లేదు, పొయ్యి మీద గూడ పెట్టలే. మంచుగడ్డల మీద పెట్టిండారు. చలువ చేస్తాది తిను బావా అని నేనే చెప్తి. నిమ్మకాయ గూడ నేనే పిండిస్తి. శానా ఇష్టంగ తిన్యాడక్కా. ఏడాదికి ఒక తిండి నోటికి రుచిగ తగిల్యా అన్యాడు."

నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. ఆల్చిప్ప అంటే మాకు పచ్చడికి మామిడికాయ చెక్కు తీసుకునే చిప్ప. దాని లోపల తినేది ఉంటుందనీ, దాన్ని పచ్చిగా తింటారనీ మాకెవరికి తెలుసు? నిజం చెప్పాలంటే, ఆ బల్ల దగ్గర నేనున్నా అదే తినమనేదాన్నేమో. తిమ్మమ్మ చెప్పిన ప్రతి మాటకూ అది సరిపోయింది. అయినా ఏడాదిలో మొదటిసారి నాకు చెప్పకుండా ఏదో తిన్నాడని ఒళ్ళు మండింది. ఓబులేష్‌ను ఒక్క చరుపు చరిచి, డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

నేను సగం చెప్పేసరికే ఆమె కుర్చీలోంచి లేచింది. పచ్చివా, ఉడకనివా అని రెండుసార్లు అడిగింది. నర్సును పిలిచి మందు పేరు చెప్పింది, ఆపరేషన్ డాక్టరుకు ఫోను చేసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"సముద్రపు నీళ్ళలో ఒక క్రిమి ఉంటుందమ్మా. ఆ చిప్పలు నీళ్ళను వడగట్టుకుని బతుకుతాయి కాబట్టి వాటిలో చేరుతుంది. ఉడికిస్తే చచ్చిపోతుంది. నిమ్మరసానికీ, మంచుకూ చావదు. బాగున్నవాళ్ళు తింటే మహా అయితే విరేచనాలు. లివరు చెడినవాళ్ళకు మాత్రం నెత్తుట్లో కలిసి ఇట్లా కాళ్ళకు దిగుతుంది."

ఓబులేష్ కూడా అవే తిన్నాడు. వాడికి కడుపు కూడా నొప్పి పుట్టలేదు. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.

ముందే చెప్పి ఉంటే బతికేవాడా అని, అంతా అయిపోయాక డాక్టరమ్మను అడిగాను. ఆమె తప్పించుకోలేదు. తొందరగా తెలిస్తే కొంత ఆశ ఉండేదంది, లివరు అట్లా ఉన్నప్పుడు ఖాయంగా ఏదీ చెప్పలేనంది. ఆమె మీద నాకు కోపం లేదు. కోపం రావాలంటే తిమ్మమ్మ మీద రావాలి, కానీ ఆ ముసలామె సముద్రం చూసిందా పాడా? ఆమె చెప్పింది మా మెట్ట పొలాల తిండి గురించి. అప్పుడు స్కానింగు చూసిన డాక్టరు మీద మాత్రం వచ్చింది. జాగ్రత్తగా ఉండాలన్నవాడు, పచ్చిది తినొద్దు అని ఇంకొక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది?

ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు ఆయనకు కాస్త తెలివొచ్చింది. కాలు తీసేస్తారని ఆయనకెవరూ చెప్పలేదు. నా మొహం చూసి, తాను ఏదో తప్పు చేసినందుకే నేను ఏడుస్తున్నానని అనుకున్నాడు. పెదాలు తడారిపోయి ఉన్నాయి.

"మే, పథ్యం తప్పలేదే నేను" అన్నాడు.

"తెలుసప్పా. నువ్వేం తప్పలే" అన్నాను. ఆయనతో నేను గొంతు పెంచకుండా మాట్లాడిన మాటలు తక్కువ. ఆ ఒక్క మాట మెత్తగా అన్నాను. ఆయన తల ఊపాడు, తీసుకుపోయారు. కాలు తీసేశారు గానీ క్రిమి అప్పటికే ఒళ్ళంతా పాకింది. మధ్యాహ్నానికి పోయాడు.

దినాల రోజు ఇంటి నిండా జనం. ఓబులేష్ దొడ్లో అరుగు మీద ఒంటరిగా కూర్చున్నాడు, వాడితో ఎవరూ మాట్లాడటం లేదు. నేను లోపల గడప పక్కన కూర్చున్నాను. పంక్తిలో చిన్నమామ వెంకటరాముడు ఎవరికో చెబుతున్నాడు. నాకు వినపడాలనే చెబుతున్నాడో, అలవాటుగా చెబుతున్నాడో తెలియదు.

"కేశవ మంచోడే పాపం. ఏం జేస్తాం, ఆ నోరొకటి కట్టుకోలేకపాయ. సముద్రం కాడ పదిమందిని చూసి ఆశపడె."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అవునవును, జబ్బు మనిషి నోరు కట్టుకోవాల అన్నారు. ఆ పొద్దంతా ఏడవని నాకు లోపల్నించి తన్నుకొచ్చింది. లేచి పంక్తి మధ్యకు పోయి నిలబడ్డాను. మొగుడు పోయిన కొత్తలో ఆడది అట్లా పంక్తిలోకి రాకూడదని మా అత్త కొంగు లాగింది, నేను లెక్కచేయలేదు.

"మామా, ఆయన నోరు కట్టుకున్యాడు. ఆ ఎర్రటి చేపల పులుసు కడుపునిండా తినింటే, అది ఉడికిండేది గాబట్టి, ఈ పొద్దు బతికిండేవాడు. అందరూ తింటాంటే, నూనె చుక్క తగలకూడదని ఏరి ఏరి ఆ పచ్చిది తిన్యాడు. నోరు కట్టుకున్యాడు గాబట్టే పోయినాడు."

మామ చేతిలో ముద్ద విస్తట్లోకి జారింది. నేను దొడ్లోకి పోయి ఓబులేష్ చెయ్యి పట్టుకుని లేపి, పంక్తిలో మామ ఎదురుగానే కూర్చోబెట్టి విస్తరి వేశాను.