సాంతా రోసా దిగుడు

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. యస్నా తండ్రి బల్తసార్ ఆ మొండివాడికంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఖనిజపు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం వచ్చింది. కొండల పైకి వెళ్తే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అయినా ఆ కొండల మీది సాంతా రోసా సరస్సు దగ్గర ఫ్లమింగో పక్షులను చూసి తీరాలని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు గని లారీ తోలుతూ ఆ సరస్సు పక్కనుంచే తిరిగాడు. వరసలో వెళ్లే లారీని ఆపితే ఉద్యోగం పోయేది. కిటికీలోంచి దూరంగా గులాబీ చుక్కలు చూడటమే తప్ప ఒక్కసారైనా కిందికి దిగింది లేదు.

మొన్న సముద్రం ఒడ్డున పాన్ దె అసూకర్ పార్కులో బాగానే ఉన్నాడు. కాక్టస్‌ల మధ్య మేస్తున్న గూని లేని ఒంటెల్లాంటి గ్వానకోల మందను మనవరాలు మిల్యారైకి వేలెత్తి చూపించాడు. పడవలోంచి పెంగ్విన్లను చూసి, "అచ్చం మా మేనేజర్లే! పనేం ఉండదు, హడావుడి మాత్రం బోలెడు" అని నవ్వాడు. ఆ నవ్వుకు పది నిమిషాలు దగ్గాడు. ఆ నవ్వు చూసే యస్నా మెత్తబడి సరేనంది. ఇప్పుడు తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

ఇవాళ సరస్సు చేరేసరికే ఒక సిలిండరు అయిపోయింది. ఆ ఎత్తులో గాలి చాలక సిలిండరు మీది మరను రెండింతలు తిప్పాల్సి వచ్చింది. ఇక మిగిలిన రెండో సిలిండరులో గాలి ఎంతుందో చూపే ముల్లు కూడా సగానికి వచ్చేసింది. ఫ్లమింగోలేమో అవతలి ఒడ్డున ఉన్నాయి.

"ఇంకో పది నిమిషాలే తల్లీ. వస్తాయి" అన్నాడు బల్తసార్.

నిజంగానే వచ్చాయి. రెండు వందలుంటాయేమో, ఉప్పునీళ్లలో తలలు ముంచుకుంటూ కారుకు రాయి విసిరేంత దగ్గరికి వచ్చాయి. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. యస్నా వాటిని చూడనేలేదు. ఆమె చూపంతా ముల్లు మీదే ఉంది.

"ఇది గంటన్నరకు వస్తే గొప్ప నాన్నా! ఊరు మూడు గంటల దూరం. చాలదు! తెలుస్తోందా, చాలదు!" అని పిల్ల ముందే అరిచేసింది.

"అరిచి నీ ఊపిరి దండగ చేసుకోకు" అన్నాడాయన.

భర్త ఇతలో కారు తీశాడు. కంకర రోడ్డు మీద మాట వినపడనంత చప్పుడు. ఫోను పలకడం లేదు. దారికి అడ్డంగా గ్వానకోల కంటే చిన్నవైన వికూన్యాల గుంపు నిలబడింది.

"తాతా, చూడు! పిల్లది కూడా ఉంది!" అంది మిల్యారై.

"నోర్ముయ్!" అంది యస్నా. పిల్ల బిక్కమొహం వేసింది. ఇతలో హారన్ మీద చెయ్యి తీయలేదు.

వెనక సీట్లో తండ్రి పక్కన కూర్చుని ఆమె ఆయన దుప్పటి బయటికి కనిపిస్తున్న ముల్లునే చూస్తోంది. పావుగంటకు సగం దగ్గరే ఉంది. అరగంట దాటినా సగం దగ్గరే ఉంది. మెల్లగా యస్నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇతలో! ముల్లు కదల్లేదు!"

"కిందికొస్తున్నాం కదా, గాలి చిక్కబడి ఉంటుంది. నే చెప్పలా? మీ నాన్న గట్టి పిండం."

యస్నా నవ్వింది. పొద్దుటి నుంచీ అదే మొదటి నవ్వు. మరియమ్మ తల్లికి దండం పెట్టుకుంది, తిట్టినందుకు కూతురి తల నిమిరింది, తండ్రి కోసం అవకాడో రాసిన రొట్టె తీసింది.

"నాన్నా, ఒక్క ముక్క తిను."

ఆయన చెయ్యి చల్లగా ఉంది. గోళ్లు నీలంగా ఉన్నాయి. గొట్టం దగ్గర చెంప పెట్టి చూసింది. గాలి రావడం లేదు. దుప్పటి లాగేసింది. ఆయన వేళ్లు మర మీద ఉన్నాయి. మర పూర్తిగా కట్టేసి ఉంది.

"నాన్నా! ఏం చేశావ్!" మరను తిరిగినంతా తిప్పేసింది. బుస్సుమంటూ గాలి వచ్చింది.

ఆయన కళ్లు సగం తెరిచాడు. "దిగుడులో... ఆయిలెవడు కాలుస్తాడే... పిచ్చిదానా."

ముప్పై ఏళ్లు లారీని దిగుడులో న్యూట్రల్‌లో వదిలి డీజిలు మిగిల్చిన మనిషి. చాలదని కూతురు అరిచింది కదా, ఈ గాలినీ అలాగే మిగిల్చాడు. చాలదన్న ఆ మాట తన నోటితోనే అంది. నాలుక తెగ్గోసుకున్నా ఇక వెనక్కి రాదు.

"చాలుతుంది నాన్నా, బోలెడుంది! పీల్చు, నీకు దండం పెడతా, పీల్చు!"

ఛాతీ ఒకసారి లేచింది. ఇంకోసారి లేచింది. ఆ తర్వాత లేవలేదు.

ఇతలో కారు ఆపి వెనక్కి వచ్చాడు. మామ మెడ దగ్గర వేళ్లు పెట్టి చాలాసేపు చూశాడు. మిల్యారై ఏడుపు మొదలుపెట్టింది.

"యస్నా... ఇంక అది కట్టెయ్."

"ఉండనీ."

"దేనికే? ఆయన లేడు."

"ఉండనీ అన్నానా! ఆయన మిగిల్చుకున్నది. ఆయన్నే వాడుకోనీ."

ఇతలో మళ్లీ స్టీరింగ్ దగ్గరికి వెళ్లాడు. ముల్లు ఇప్పుడు దిగుతోంది. అది సున్నాకు చేరేదాకా యస్నా తండ్రి ముక్కు దగ్గర గొట్టం పట్టుకునే కూర్చుంది.