ఉత్తుత్తి కుట్లు

బొత్తాల పెద్దమ్మని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేశారు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ చొక్కాలకి బొత్తాలు కుట్టిన మనిషి. లోపల మిషన్ మీద ఉండిపోయిన కళ్లజోడైనా తెచ్చుకోనివ్వమని ఆవిడ చేతులు జోడిస్తుంటే, పనిలోంచి తీసేసిన నలభై మంది జాబితాలో పేరున్నవాళ్లు లోపలికి అడుగుపెట్టకూడదని సూపర్‌వైజరు గేటు మూసేశాడు. కాలర్లు కుట్టే కాలరక్క అదంతా చూస్తూనే లోపలికి నడిచింది. నడవక ఏం చేస్తుంది? జాబితాలో ఆమె పేరు లేదు మరి. ఆ రోజంతా ఆమెకి ఒక్క కుట్టూ కుదురుగా పడలేదు.

అసలు ఆ నలభై మందికి పని పోవడానికి కారణం తనేనని ఆమె బాధ. ఎనిమిది నెలలుగా ఆర్డర్లు సరిగ్గా లేవు. బజారులో కొనేవాడు లేడు, కొట్లు సగం మూతపడ్డాయి. మగవాళ్లు ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీ జెండా మోసి, వాళ్లు పెట్టిన పూట అన్నం తిని ఇంటికొస్తున్నారు. అలాంటప్పుడు కాలరక్కకి మహా గొప్ప ఆలోచన ఒకటి తట్టింది. ఒక రోజు పనిని రెండు రోజులు సాగదీస్తే అందరం నిలబడతాం కదా అంది. ఎనభై మందీ సరేనన్నారు. కుట్టిందే విప్పి మళ్లీ కుట్టారు. యజమాని పంపిన మనిషొకడు నెల్లాళ్లు మూల కూర్చుని ఆ విప్పి కుట్టడమంతా చూసి, ఈ కాస్త పనికి సగం మంది చాలని రాసిచ్చాడు. నా తెలివి తగలెయ్య, అని కాలరక్క తల బాదుకుంది.

అంతలో మంత్రి వస్తున్నాడని కబురు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. వ్యాపారాలు మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్నాయని ఆయన సభ సభకీ చెబుతున్నాడు, దానికి కెమెరాల ముందు ఒక నిండు ఫ్యాక్టరీ కావాలి. తీసేసిన నలభై మందినీ ఆ ఒక్క రోజుకి రమ్మన్నారు. గుడ్డ లేదు కనక పోయినేడాది పనికిరావని పక్కన పడేసిన కాలర్లు ఇచ్చి, కుట్టిన దాని మీదే కుట్టమన్నారు. బుద్ధిగా చేసినవాళ్ల సంగతి మళ్లీ ఆలోచిస్తామని సూపర్‌వైజరు ఊరించాడు.

ఆ పొద్దున భోజనాల గదిలో పెద్ద రభస. ఒక్క రోజు నటిస్తే మన సొమ్మేం పోయిందని కొందరు, మన గొయ్యి మనమే తవ్వుకోవడమని కొందరు. చివరికి అందరూ కాలరక్క వైపు చూశారు.

"నన్నడక్కండే. పోయినసారి నా మాట విని ఏమైపోయారో చూశారుగా," అంది.

పెద్దమ్మ ఊరుకోలేదు. "పని లేదన్న సంగతి దాచిపెట్టి చెడ్డాం. ఇప్పుడు ఆ మంత్రి కోసం మళ్లీ దాస్తామా? దాచినకొద్దీ లాభం వాడికే కదే."

ఏదీ తేలకుండానే గంట మోగింది.

మంత్రి వచ్చేసరికి ఎనభై మిషన్లూ హోరెత్తుతున్నాయి. ఆయన కాలరక్క దగ్గర ఆగి, పని బాగా దొరుకుతోందా తల్లీ అని నవ్వుతూ అడిగాడు. కెమెరా ఆమె మొహం మీదికి వంగింది. ఆమెకి ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. జాబితాలో తన పేరు లేదన్నదీ గుర్తొచ్చింది. అయినా పెడల్ మీంచి కాలు తీసేసింది.

"లేదయ్యా. ఇవి పోయినేడాది కాలర్లు. మీరు చూస్తారని కుట్టిన దాని మీదే కుట్టిస్తున్నారు. మీ కారు కదలగానే మాలో నలభై మందిని రోడ్డు మీదికి తోసేస్తారు."

పక్క మిషన్ ఆగింది. ఆ వరసంతా ఆగింది. క్షణంలో మంత్రి చెప్పుల చప్పుడు తప్ప ఆ హాల్లో ఇంకేమీ వినపడలేదు.

గొడవ చేసిందని కాలరక్కని ఫ్యాక్టరీ గోడ వెనకే ఉన్న పోలీస్ స్టేషన్లో పెట్టారు. రేపు ఎనిమిదింటికి మిషన్ ముందు కూర్చున్న మొదటి నలభై మందికే పని, పాత జాబితా రద్దు అని సూపర్‌వైజరు మిగతావాళ్లకి చెప్పాడట. ఆ మాట మోసుకొచ్చిన ఆడ కానిస్టేబులు, ఇక మీవాళ్లు గేటు దగ్గర ఒకరినొకరు తొక్కుకుంటారని ఇకిలించింది.

మర్నాడు ఎనిమిదింటికి ఫ్యాక్టరీ సైరన్ కూసింది. కాలరక్క గోడకి చెవి ఆనించింది. వెళ్తారు, వాళ్ల పిల్లలూ తినాలిగా, అనుకుంది. అనుకుంటూనే ఏడ్చింది. ఒక్క మిషనూ మోగలేదు. సైరన్ మళ్లీ కూసింది. మూడోసారీ కూసింది.

అప్పుడు వీధి వైపు నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఉన్న పని ఎనభై మందికీ పంచాలి. ముందు మా పిల్లని వదలాలి."

వెనకే అందరి గొంతులూ, దగ్గరకొస్తూ. కానిస్టేబులు గబగబా లేచి వెళ్లి, స్టేషన్ తలుపుకి లోపలినుంచి గడియ పెట్టింది.