పటం మీద బొట్టు

పోలరాజుకి ఒక జబ్బుంది. మంచోడు అనిపించుకోవాలి. టాటానగర్ స్టేషన్ బయట పటాలు కట్టే కొట్టు అతనిది. సువర్ణరేఖ నది పొంగి భుయ్యాడీహ్ బస్తీ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడల్లా, చెత్త ఏరుకునేవాళ్ళు బురదలో దొరికిన ఫొటోలు తెచ్చి అతని బల్ల మీద పడేస్తారు. వాటిని తుడిచి, ఆరబెట్టి, కొత్త అద్దం వేసి, ఎవరివి వాళ్ళకి అప్పజెప్పి వస్తాడు. ఏమీ పుచ్చుకోడు. దండం పెడితే మాత్రం వద్దనడు.

ఈ ఏడు వచ్చినవాటిలో పెద్ద పటం ఒకటుంది. ముప్పై ఏళ్ళ మనిషి, ఒక్కడే, గళ్ళ చొక్కా. కంపెనీ గేటు పాసు కోసం తీయించుకున్న చిన్న ఫొటోని పెద్దది చేయించారని చూడగానే తెలిసిపోయింది. ఇన్నేళ్ళ అనుభవం మరి. బతికున్నవాడి పాసు ఫొటోని ఇంత చేయించి గోడకి ఎవడు తగిలించుకుంటాడు? మనిషి పోయాకే కదా వెతుక్కునేది. అయ్యో పాపం, చిన్న వయసే అనుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు. అద్దం మీద సరిగ్గా నుదుటి చోట కుంకుమ బొట్టు పెట్టాడు. కొట్లో అమ్మే గంధపు చెక్క దండల్లో మేలైనది ఏరి వేశాడు. ఆ ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, పదిమందికీ చెప్పుకుంటుంది అని ముందే ముచ్చటపడ్డాడు కూడా.

ఆదివారం పొద్దున్నే పటాన్ని గుండెలకి ఆనించుకుని, బొమ్మ బయటికి కనబడేలా, భుయ్యాడీహ్‌లో దిగాడు. టీ కొట్టువాడికి చూపించాడు.

"అరే, యే తో సూర్యప్రకాష్ హై," అని గుర్తుపట్టాడు వాడు. అప్పుడు దండ చూశాడు. కడుగుతున్న గ్లాసులు వదిలేసి ముందు నడిచాడు. సందు మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు దించి వెనకే వచ్చారు. మరో నలుగురు చెప్పులు విడిచి వచ్చారు. ఒక్క ఫొటో దొరికితే ఇంత మర్యాదా అని పోలరాజు లోపల పొంగిపోయాడు. ఏం మనిషండీ, ఎందుకొస్తున్నారని ఒక్కరినైనా అడగలేదు.

గుమ్మంలో సూర్యప్రకాష్ భార్య పద్మకుమారి బియ్యం ఏరుతోంది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, మెడలో పసుపుతాడు. అవి చూసేసరికి పోలరాజు కాళ్ళు ఆగిపోయాయి.

ఆమె పటాన్ని చూసింది, దండని చూసింది, వెనక జనాన్ని చూసింది.

"ఎక్కడ దొరికినారు?" అంది.

"ఫొటోయేనమ్మా. ఫొటోయే దొరికినాది, బురదలో."

"మరి ఈ బొట్టెవులు ఎట్టినారు?"

"నానే ఎట్టినాను. పోనాడేమోనని..."

సూర్యప్రకాష్ తొమ్మిదేళ్ళ కిందట ఎక్కడో కాంట్రాక్టు పనికని రైలెక్కాడు. మళ్ళీ రాలేదు. ఆ ఫొటో పెద్దది చేయించింది గోడకి కాదు. దాన్ని చేత్తో పట్టుకుని పద్మకుమారి స్టేషన్లూ ఆసుపత్రులూ తిరిగింది, ఈ మనిషిని చూశారా అని. కర్మ చేసెయ్యండని చుట్టాలంతా పోరుతుంటే, అత్త దాలమ్మ ఒక్కతే కోడలి బొట్టుకి కాపలా కాసింది. నా కొడుకు శవాన్ని చూపించి అప్పుడు మాటాడండి అనేది.

పోలరాజు గబగబా దండ తెంపేశాడు. తువ్వాలుతో బొట్టు తుడిచాడు. అది పోక, అద్దమంతా ఎర్రగా అలుక్కుపోయింది. ఈలోగా దాలమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చూపు సరిగా ఆనదు. పటాన్ని, తెగిన దండని చేత్తో తడిమింది.

"నా కొడుకుని దండేసి తెచ్చినారా?"

"కాదప్పా. తప్పు నాది. నాకేటీ తెలీదు."

"నీకు తెలీదు సరే. ఊరంతా వచ్చినాది కదేటి," అంది. అరుగు మీద కూలబడింది. "నాను అలిసిపోనాను తమ్ముడా. నాను పోయీలోగా ఆడికి నీళ్ళొదలాల."

"అత్తా, ఆయన వత్తారు. ఈ బాబాయి తెలీక సేసినాడు," అంది పద్మకుమారి.

దాలమ్మ వినిపించుకోలేదు. తొమ్మిదేళ్ళుగా ఏడవని మనిషి, నోరు విడిచి ఏడ్చింది. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. కోడలు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పోలరాజుని ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పూట నుంచి బురద ఫొటోలు తెస్తే అతను విసుక్కుని పంపించేస్తున్నాడు.

మళ్ళీ వానలకి ముందు పద్మకుమారి కొట్టుకి వచ్చింది. నుదురు బోసిగా ఉంది. పోలరాజు ఆ ముఖం వైపు చూడలేక, పైనున్న గంధపు దండ అందుకోబోయాడు.

"దండొద్దు బాబాయ్. మా అత్త ఓ మాట అడిగి రమ్మంది. తద్దినం ఏ తిథికి ఎట్టాలి? ఆయన ఎల్లిపోయిన రోజుకా, నువ్వు తెచ్చిన రోజుకా?"

పోలరాజు చేతిలోని సుత్తి బల్ల మీద పెట్టాడు.

"పంతుల్ని అడగండమ్మా."

"అడిగినాం. తెచ్చినోడినే అడగమన్నారు."

పద్మకుమారి అక్కణ్ణుంచి కదల్లేదు. ఎదురుచూడ్డం ఆవిడకి కొత్త కాదు.