గట్టు మీద చెప్పులు

నా బిడ్డ శ్రీజ పత్తి సాళ్ల మధ్య కూలబడింది. తొమ్మిదేళ్లది. విత్తన పత్తిలో క్రాసింగ్ పని మాది. పువ్వు విచ్చిన పూటే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు అంటించాలి; పొద్దు దాటితే పనికిరాదు.

గట్టు మీద బూట్లతో నిలబడ్డ చేను ఆసామి నిరంజన్ సారు దిగి రాలేదు. "ఎస్తేరూ, మొకం మీద నీళ్లు చల్లు. పువ్వు వాడకముందే సాలు అయిపోవాలె," అన్నాడు.

బిడ్డ గోళ్లు సున్నంలా తెల్లగా ఉన్నాయి. చచ్చిపోతుందనుకున్నాను. నా పెనిమిటి పుణెకు కూలికి పోయాడు. నా భయం చెప్పుకోను గోడ తప్ప ఎవరూ లేరు.

దవాఖానకు తీసుకుపోతే డబ్బీ ఇచ్చి బిడ్డ మలం తెమ్మన్నారు. తెల్లారి ఆటోలో దాన్ని కొంగులో దాచుకున్నాను.

"ఏందక్కా, ఊరగాయనా?" అంది మా వాడ సత్యమ్మ. ఏందో చెప్పాను. అందరూ ముక్కులు మూసుకుని నవ్వారు. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

పరీక్ష చేసే అమూల్య మూత తీసింది. "గిదేందమ్మా, బూడిద పోసినవ్?"

"ఇంటికాడ మలం మీద చల్లుతం గద. సిగ్గయి చల్లిన."

"బూడిదల నాకేం కనపడ్తది? రేపు ఉత్తది తే."

మర్నాడు ఉత్తది పట్టుకుని ఒక్కదాన్నే పోయాను. ఈసారి అమూల్య నన్ను భూతద్దం యంత్రంలోకి చూడమంది. పల్చటి గుడ్లు.

"కొంకి పురుగులయి. పేగు పట్కొని నెత్తురు తాగుతయ్. దొడ్డికి పోయిన మట్టిలకెళ్లి ఒట్టికాళ్ల నుంచి ఎక్కుతయ్. మందిస్త, తగ్గుతది. బడిల పురుగుల గోలి ఇయ్యలేదా?"

గోలీ ఇచ్చిన నాడు నా బిడ్డ పత్తిలో ఉంది. తోలింది నేనే.

చేను తల్లి, చెప్పుకాలు పెట్టొద్దన్నది నిరంజన్ సారు వాళ్ల తాత నాటి కట్టుబాటు. చెప్పులు గట్టు మీద విడిచి దిగుతాం. మాకు దొడ్డికీ ఆ చేనే.

వాడలో ఆడవాళ్లను కూడేసి చెప్పాను. వాళ్ల పిల్లలూ శ్రీజలాగే పాలిపోయి ఉన్నారు.

"మా పోరగాండ్లకు దిష్టి, గంతే," అంది సత్యమ్మ.

"దిష్టయితే డబ్బీల కనపడదు గద. మీరూ పట్కపోండ్రి. జర బూడిద చల్లకుండ్రి."

నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఆరుగురు డబ్బీలు పట్టుకుపోయారు. ఐదు డబ్బీల్లో గుడ్లు.

ఆ వారమే ఒక పొద్దున అందరం గట్టు మీద నిలబడ్డాం.

"పోరగాండ్లేరీ?" అన్నాడు నిరంజన్ సారు.

"బడికి పోయిండ్రు. ఇంక రారు," అన్నాను.

"సరే, చెప్పులిడిచి దిగుండ్రి. చేను తల్లి!"

"తల్లయితే మా పిల్లల నెత్తురెందుకు తాగుతది సారూ? చెప్పులిడువం. చేనుకాడ మరుగుదొడ్డి కట్టియ్యి."

"పోలీసోళ్లను పిలుస్త!"

"పిలువు," అంది సత్యమ్మ. "వాళ్లొచ్చేదాక పువ్వు ఆగుతదేమో అడుగు."

జైలుకు పోతే శ్రీజకు గంజి ఎవరు పోస్తారు? అయినా చెప్పుకాలు సాలులో పెట్టాను. వెనక అడుగుల చప్పుడు లేదు. ఒక్కదాన్నే అయిపోయాను అనుకున్నాను. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. పువ్వు ముట్టకుండా సాలు మధ్యలో కూర్చున్నాను.

పక్క సాలులో సత్యమ్మ చెప్పుకాళ్లు కనపడ్డాయి. వాటి పక్కన ఇంకో జత. ఇంకో జత.

ఎండ ఎక్కుతోంది. పువ్వులన్నీ విచ్చుకున్నాయి. పువ్వు మీదికి ఒక్క చేయీ లేవలేదు.